పాతబండి పునరుద్ధరణము

ఇనుము, త్రుప్పు, వెల్డింగు మొదలగు మాటలు గృహిణులు చదువు పత్రికలో నేల యని మీలో కొందఱు శంకింపవచ్చును. మూడేండ్ల క్రిందట మేమును అట్లే తలచియుందుము. వంటయిల్లు, పిల్లల చదువులు, మా యుద్యోగము, వీనితోనే దినములు గడచిపోవుచుండగా ఒక పాత ట్రక్కు మా వాకిటికి వచ్చి నిలిచినది. దాని ఫ్రేమును, క్యాబును బాగుచేయుటలో మేము పడిన శ్రమయు, చేసిన పొరపాట్లును, నేర్చిన సంగతులును ఇతరులకు గూడ కొంత యుపకరించునని తోచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున నివసించు తెలుగు కుటుంబమువారము. ఇచ్చట శీతకాలమున మంచు పడినప్పుడు బాటలపై ఉప్పు చల్లుదురు. అది మంచును కరగించును, నిజమే. కాని యా యుప్పునీరు బండ్ల క్రిందికి చేరి ఇనుమును దినదినమును తినివేయుచుండును. బందరు, విశాఖపట్టణము మొదలగు తీరపు పట్టణములలో కాపురమున్నవారికి కిటికీ చువ్వలు ఎంత త్వరలో త్రుప్పుపట్టునో తెలియును గదా! ఇచ్చటి బండ్ల గతియు నట్టిదే.

ఈ బండి యెట్టిది?

ముందువైపున ఇద్దఱు ముగ్గురు కూర్చుండుటకు గదియు, వెనుకవైపున సామానులు వేయుటకు పైకప్పులేని తొట్టియు గల చిన్న ట్రక్కును పికప్ ట్రక్కు అందురు. ఆ ముందు గదియే క్యాబు. క్యాబును, తొట్టిని, యంత్రమును, చక్రములను మోయునది ఫ్రేము. అది నిచ్చెనవలె నుండును. రెండు పొడవైన ఉక్కు పట్టెలు, వానిని కలుపు అడ్డుపట్టెలు, కలిపినచోట రివెట్లు. మన మంచమును తలచుకొన్నచో సులభముగా బోధపడును. నవారు ఎంత చక్కనిదైనను పట్టె పుచ్చిపోయిన మంచముపై బిడ్డను పరుండబెట్టుదుమా?

1918లో షెవర్లే కంపెనీవారు తొలిసారి ట్రక్కులను విక్రయించినప్పుడు వారు ఇచ్చినది ఫ్రేము, యంత్రము మొదలగునవి మాత్రమే. క్యాబును, తొట్టిని కొన్నవారే వేఱొకచోట చేయించుకొనవలసియుండెను. 1925లో ఫోర్డు కంపెనీవారు తమ మోడల్ టీ బండికి కర్మాగారముననే తొట్టిని బిగించి 281 డాలర్లకు విక్రయింప మొదలిడిరి. ఆ పిదప అమెరికా కర్షకులకు పికప్ ట్రక్కు ఇంటి యెద్దు వంటిదైనది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 ఫిబ్రవరిలో, ప్రజలకొఱకు కార్లు చేయుట నిలిపివేసి కర్మాగారములనన్నిటిని యుద్ధసామగ్రికి మరల్చిరి. మిషిగన్ రాష్ట్రమందలి విల్లో రన్ కర్మాగారమున బి-24 విమానములకు రివెట్లు కొట్టినవారిలో స్త్రీలు వేలకొలది యుండిరి. రివెట్ల పని ఆడువారికి తగదనువారికి ఇంతకంటె వేఱు జవాబు అక్కఱలేదు.

యుద్ధానంతరము 1947లో షెవర్లే కంపెనీవారు అడ్వాన్స్ డిజైన్ అను పేర క్రొత్త ట్రక్కులను వెలువరించిరి. మునుపటివానికంటె క్యాబు విశాలము; ముగ్గురు ఇరుకులేక కూర్చుండవచ్చును. వెలుపలి గాలిని తీసికొని వెచ్చచేసి లోనికి పంపు సాధనమును, వెనుక మూలలయందు వంపుగల అదనపు కిటికీలను కోరినవారు ఎక్కువ వెలయిచ్చి పొందెడివారు. ఈ ట్రక్కులు 1955 తొలినెలల వఱకును వెడలుచుండెను. మనదేశమునకును ఈ పేరు క్రొత్తది కాదు. ఆ కంపెనీకి యజమానియైన జనరల్ మోటార్స్ వారు 1928 మొదలు 1954 వఱకును బొంబాయిలో బండ్లను కూర్చి విక్రయించిరి. మా తాతగారి తరమువారు షెవర్లే లారీ యనగానే గుర్తుపట్టెడివారు.

మా యింటికి వచ్చినది 1950లో తయారైన అరటన్ను బండి. 3100 అను సంఖ్యచే ప్రసిద్ధి చెందినది. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 116 అంగుళములు. ఆరు సిలిండర్ల యంత్రము. మా అబ్బాయికి పదునాఱేండ్లు నిండి లైసెన్సు వచ్చినది. తాను వేసవులలో పని చేసి కూడబెట్టిన డబ్బునకు మావారు మఱికొంత చేర్చి దీనిని కొనిపెట్టిరి. కొనుటకు ముందు ఒక పనిశాలలో చూపగా, “ఫ్రేము గట్టిది, భయము లేదు” అని వ్రాసియిచ్చిరి. ఆ పనిశాల పేరు చెప్పుట మాకు ఇష్టము లేదు. క్రింద వంగి చూచితిమి. ఫ్రేము నల్లని రంగుతో నిగనిగలాడుచుండెను. మేమును సంతసించితిమి.

కుండను మ్రోయించి చూచినట్లు

ఆ దినములలో మా అత్తగారు తెనాలి నుండి వచ్చి మాతో నుండిరి. అబ్బాయి ఆ బండిపై రెండుసార్లు బడికి పోయివచ్చెను. మూడవ దినమున అత్తగారు వాకిట కుర్చీలో కూర్చుండి బండిని కొంతసేపు చూచి, “అమ్మాయీ, సంతలో కుండ కొనునపుడు వ్రేలితో మ్రోయించి చూడకుండ కొందుమా? ఇంత బండిని కొంటిరి గదా, ఒక్కసారియైనను మ్రోయించి చూచితిరా?” అని యడిగిరి.

మావారు నవ్వుచు, “అమ్మా, ఇది కుండ కాదే!” అనిరి.

“కుండ పగిలిన నీళ్లు పోవును. ఇది పగిలిన ఏమి పోవును?” అని ఆమె యనిరి. ఆ మాట విని మావారు మఱి నవ్వలేదు. చిన్న సుత్తిని తీసికొని బండి క్రిందికి దూరి ముందునుండి వెనుకకు పట్టెను కొట్టుచు పోయిరి. ఖంగు ఖంగుమని మ్రోగుచున్న ఇనుము వెనుక ఇరుసుపైకి వచ్చునప్పటికి దబ్బుమని మ్రోగెను. అచ్చట గీకి చూడగా మొదట నల్లరంగు, దాని క్రింద గట్టిపడిన పూత, దాని క్రింద అప్పడములవలె పొరలుపొరలుగా రాలు త్రుప్పు. స్క్రూడ్రైవరుతో నొక్కగా మొన యావలికి పోయెను. వెనుక స్ప్రింగును పట్టియుంచు కొక్కెము ఆ చోటనే యున్నది. అది బాటమీద ఊడిపడినచో ఇరుసు ప్రక్కకు తిరిగిపోవును. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. రెండుసార్లు బడికి పోయివచ్చినాడు గదా యని అదే తలపు.

పనిశాలవారిని అడుగగా, “పాతబండ్లు అట్లే యుండును” అని ఒక్కమాటతో పంపివేసిరి. మావారు, “పాత యినుమునకు అమ్మివేయుదము” అనిరి. అబ్బాయి నోరు మెదపలేదు. వాని కన్నులు మాత్రము చెప్పినవి. ఇతరులకు అమ్ముట మాట మాకు రుచింపలేదు. మన బిడ్డకు పనికిరానిది మఱొకరి బిడ్డకు పనికివచ్చునా? తుదకు మువ్వురము కూర్చుండి మూడు నియమములు చేసికొంటిమి. ఫ్రేమును లైసెన్సు గల వెల్డరు బాగుచేసి, దానితో సంబంధములేని మఱొకరు పరీక్షించువఱకు ఎవరును బండి నెక్కరాదు. క్యాబుపని మేమే నేర్చి చేసికొనవలెను. ప్రతి పనిని, ప్రతి ఖర్చును ఒక పుస్తకమున వ్రాయవలెను.

మాకు దగ్గఱనున్న కళాశాలలో సాయంకాలపు వెల్డింగు తరగతులు కలవు. మేమును అబ్బాయియు చేరితిమి. తరగతిలో మాతో కలిపి ముగ్గురే స్త్రీలు. మొదటివారము మా చేయి వణకినది, నాలుగవవారమునకు కుదుటపడినది. గారెల పిండిని నూనెలో జారవిడుచుటకు కావలసిన స్థిమితమే దీనికిని కావలెను.

ఊడదీయుట

బండిని ఊడదీయుట తేలిక. మరల కూర్చుటయే కష్టము. కావున ప్రతి భాగమును తీయుటకు ముందు ఫొటో తీసి, దాని బోల్టులను ఒక సంచిలో వేసి చీటీ కట్టితిమి. ఆవకాయ జాడీలకు చీటీలు అంటించుకొను అలవాటు ఇచ్చట అక్కఱకు వచ్చినది.

మొదట బ్యాటరీని తీసితిమి. పిదప పెట్రోలు తొట్టి. 1949 నుండి ఈ బండ్లలో పెట్రోలు తొట్టి క్యాబులోపలనే, కూర్చుండు సీటు వెనుక నుండును. దానిని తీయక క్యాబులో వెల్డింగు చేయుట ప్రాణాపాయము. తొట్టి ఖాళీగానున్నదని నమ్మరాదు. ద్రవపు పెట్రోలుకంటె గాలితో కలిసిన దాని యావిరియే పేలునది. మేము తొట్టిని ఇంటికి దూరముగా నుంచి నిపుణునికి అప్పగించితిమి.

క్యాబును ఫ్రేమునుండి లేవదీయుటకు ముందే, తలుపుల ఖాళీలకు అడ్డముగా లోపల ఇనుపగొట్టములను తాత్కాలికముగా అతికితిమి. నేల, మూలలు త్రుప్పుపట్టిన క్యాబు లేవదీసినప్పుడు తన బరువునకే వంగును. ఒకసారి వంగినచో తలుపులు మరల సరిగా పడవు. తలుపు ప్రక్క స్తంభమునకు రివెట్లతో కొట్టిన సంఖ్యాఫలకమును మాత్రము ముట్టలేదు. బండికి అదియే జాతకము. దానిని మార్చుట, తొలగించుట చట్టముతో చెలగాటము.

ఫ్రేము పని

క్యాబు, తొట్టి, యంత్రము తీసిన పిదప ఫ్రేము ఒక్కటే మిగిలినది. దానిని కడిగి, సమతలముగానున్న నేలపై నాలుగు దిమ్మలమీద నిలిపి, మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలిచితిమి. రెండును సమానమైననే ఫ్రేము చక్కగానున్నట్లు. ఇంటికి పునాదిముగ్గు పోయునపుడు మేస్త్రీ త్రాడుతో మూలమట్టము చూచునది ఇందుకే గదా. మా ఫ్రేము భేదము అంగుళములో ఎనిమిదవ వంతునకు మించలేదు. మాకు ప్రాణము లేచివచ్చినది. త్రుప్పును మాన్పవచ్చును గాని మెలిపడినదానిని సరిచేయుట మిక్కిలి ఖర్చుతో గూడిన పని.

పిదప గట్టి రేణువులను గాలితో చిమ్మి పాతరంగును, త్రుప్పును ఊడగొట్టించితిమి. దీనికి సామాన్యపు ఇసుకను వాడరాదు. ఇసుక పొడి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను మందులేని వ్యాధిని కలిగించును. గార్నెట్టు మొదలగు వేఱు రేణువులను వాడి, ముఖమునకు తగిన రక్షణ ధరించిన పనివారే దానిని చేసిరి.

ఫ్రేమున త్రుప్పు ఎక్కువగా చేరునది రెండు పట్టెలు ఒకదానిపై నొకటి కూడినచోట. నీరు సందులో దూరును, బయటికి రాదు. ఇనుము త్రుప్పైనపుడు దాని పరిమాణము ఎన్నో రెట్లు పెరుగును. అది లోపలినుండి పట్టెలను ఉబ్బించి రివెట్లను త్రెంపును. మా బండిలో ఒక అడ్డుపట్టె అట్లే ఉబ్బియుండెను. వెల్డరు ఆ రివెట్ల తలలను అరగదీసి, బెజ్జము వేసి, వెలికి కొట్టి, పట్టెలను విడదీసి శుభ్రపఱచి, తగిన గట్టి బోల్టులతో మరల బిగించెను.

పుచ్చిన భాగమును ఆయన బాగుచేసిన విధము చూడదగినది. మొదట మంచి యినుము కనబడువఱకు కోసివేసెను. చీరకు అతుకు వేయునపుడు నేసిన దారము గట్టిగానున్నచోటికి పోయి కుట్టుదుము గాని చిరుగు అంచుననే కుట్టము గదా! అదే మందము గల ఉక్కును అమర్చి అతికి, పైన వేసిన బలపుపలకను చతురముగా గాక కొనలు ఏటవాలుగానుండునట్లు కోసెను. పట్టెకు అడ్డముగా తిన్నని గీతవలె వెల్డింగు చేసినచో బరువంతయు నాగీతమీదనే పడి అచ్చటనే పగులు పుట్టునట; ఏటవాలుగానున్నచో బరువు క్రమముగా సర్దుకొనును. వేఱొక పరీక్షకుడు వచ్చి చూచి తృప్తిపడిన పిదపనే రంగు వేయించితిమి.

రేణువులు చేరని మూలలలో, ఇత్తడి బిందెకు చింతపండు రాచినట్లు, ఫాస్ఫారికామ్లము కలిసిన ద్రవమును పూసి, చెప్పిన విధమున కడిగి ఆరబెట్టితిమి. శుభ్రపఱచిన ఇనుము తడిగాలికి గంటలలోనే మరల ఎఱ్ఱబారును. కావున ఆ దినముననే ఎపాక్సీ ప్రైమరును వేసి, దానిపై నల్లరంగు వేసితిమి. ఈసారి నలుపు క్రింద నేమున్నదో మాకు తెలియును.

క్యాబు పని

క్యాబురేకు మందము మిల్లీమీటరునకు కొంచెమే యెక్కువ. ఈ బండ్లలో అది పాడగుచోట్లు కొన్ని కలవు: వెనుక క్రిందిమూలలు, తలుపు క్రింది గడప, పాదములుంచు నేల, తలుపుల అడుగు అంచు. ఆకులు, దుమ్ము ఆ సందులలో చేరి తడిని పట్టియుంచును. ఈ భాగములు క్రొత్తగా అచ్చుపోసినవి బజారులో దొరకును. తెచ్చితిమి గాని అవి పెట్టగనే అమరలేదు. రవికెగుడ్డవలె కొలతకు తగినట్లు కత్తిరించుకొనవలసివచ్చినది.

మాకు చెప్పిన ముఖ్యసూత్రమిది: రెండు ప్రక్కలను ఒక్కసారి కోయరాదు. ఒక ప్రక్క పూర్తియగువఱకు రెండవప్రక్క కొలతకు ఆధారము. ప్రతి భాగమును అతుకుటకు ముందు తలుపును తగిలించి మూసి, చుట్టును సందు సమముగానున్నదో లేదో చూడవలెను.

మేము చేసిన పెద్దపొరపాటు ఇచ్చటనే. కుడివైపు మూలను ఒక ఆదివారము ముగింపవలెనను తొందరలో ఒక కొననుండి మఱొక కొనకు ఏకధారగా వెల్డింగు చేసితిమి. వేడికి రేకు ముడుతలుపడి, మాడిన అప్పడమువలె లేచిపోయెను. అబ్బాయి, “పైన పుట్టీ పూసిన కనబడదు గదా, అమ్మా” అనెను. ఆ మాట అన్న మఱుక్షణమే వాడే తల వంచుకొనెను. పనిశాలవారు మాకు చేసినదియు నదియే గదా! మఱునాడు దానిని కోసివేసి, మఱొక భాగమును తెప్పించి మొదటినుండి చేసితిమి. ఈసారి కుట్టుపనిలో టాకాలు వేసినట్లు, ఇచ్చట నొక చుక్క, అంత దూరమున నొక చుక్క, చల్లాఱనిచ్చి నడుమ మఱొక చుక్క. ఒక్క మూలకు మూడు సాయంకాలములు పట్టెను.

పుట్టీని బొత్తిగా వాడలేదని చెప్పము. గట్టి యినుముపై నున్నదనమునకై పలుచగా పూసినచో తప్పులేదు. కన్నమును కప్పుటకు వాడినచో మోసము. అతుకుల సందులను సీలరుతో మూసి, లోపలి బోలు భాగములలో మైనము వంటి రక్షకమును చిమ్మితిమి. నీరు పోవుటకు కర్మాగారమువారుంచిన చిన్న రంధ్రములు మూసికొనిపోకుండ పుల్లతో తెఱచితిమి. లోనికి వచ్చిన నీటికి దారి యున్నంతవఱకు చేటు లేదు.

ఇంటివారు ఎఱుగవలసిన అపాయములు

ఈ పని చాలమంది ఇంటి వాకిటనే చేయుదురు. ప్రక్కనే పిల్లలు ఆడుచుందురు. పాతరంగులలో సీసము కలియుట కలదు. దానిని పొడిగా గీకి దుమ్ము లేపరాదు; పనిబట్టలను విడిగా ఉతుకవలెను; అన్నమునకు ముందు చేతులు కడుగవలెను. పాత బ్రేకుల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చును, గాలితో ఊదరాదు. జిడ్డును తీయుటకు వాడు కొన్ని క్లోరిను ద్రవములు ఆరకమునుపే వెల్డింగు చేసినచో ఫాస్జీను అను విషవాయువు పుట్టును. రెండు పదార్థములను కలిపి చిమ్ము కొన్ని రంగులలో ఐసోసైనేటులు కలవు. వానికి సామాన్యపు ముసుగు చాలదు. అందుచే మేము పైరంగును ఆ సాధనములు గలవారిచేతనే వేయించితిమి.

ముగింపు

మొత్తమునకు ఇరువది రెండు నెలలు పట్టెను. పుస్తకము చూడగా ఖర్చు బండి కొన్నవెలకు రెండింతలు మించినది. ఇది లాభము గల వ్యాపారమని ఎవరితోను చెప్పజాలము. ఆనాడు ఈ బండ్లకు సీటుబెల్టులు లేవు. మేము నేలను బలపఱచి బెల్టులు అమర్చితిమి. ఇంతచేసినను ఇది 1950 నాటి బండియే. నేటి కారునందలి రక్షణలు దీనికి లేవు. కావున ఊరిలోని చిన్నబాటలకే గాని పెద్దరహదారులకు పోనీయము. మంచుకాలమున కొట్టము విడువదు.

గత వేసవిలో అత్తగారు మరల వచ్చిరి. బండిని చూచి రంగును గుఱించి యొక్కమాటయు అనలేదు. “సుత్తి యేదిరా?” అని మనుమని అడిగిరి. వాడు తెచ్చి, వంగి, వెనుక ఇరుసుమీది పట్టెను కొట్టెను. ఖంగుమనెను. రెండవ ప్రక్కను కొట్టెను. అదియు నట్లే మ్రోగెను. అప్పుడామె చీరకొంగు సర్దుకొని క్యాబు నెక్కి నడుమ కూర్చుండిరి. మేము ఒకప్రక్క, బండి నడుపుచు అబ్బాయి మఱొకప్రక్క. ముగ్గురము కూరలకొట్టు వఱకును పోయి, వంకాయలు కొనుక్కొని యింటికి వచ్చితిమి.

సోదరీమణులారా! మీయింట ఎవరైనను పాతబండిని, అది ట్రక్కైనను స్కూటరైనను, కొనబోవునప్పుడు పైరంగును మెచ్చుకొనుటకు ముందు ఒక సుత్తిని చేతికిచ్చి క్రిందికి వంగి చూడుమని చెప్పుడు. వారు నవ్విన నవ్వనిండు.